పాస్‌వర్డ్ లేని బ్యాకప్: యాంటీవైరస్ సర్వర్ మార్చిన ఏడాది తర్వాత

మైక్రోసాఫ్ట్ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ సర్వర్ 2012 ఆర్2కి సపోర్ట్ 2023 అక్టోబర్ 10తోనే ఆగిపోయింది. అయినా బెంగళూరు పీణ్యలోని మా ఆఫీసులో, ఆడిటర్ ఎర్ర ఇంకుతో రాసేదాకా, సిస్టమ్‌లన్నిటి యాంటీవైరస్‌నీ ఒకే చోటి నుంచి చూసుకునే మేనేజ్‌మెంట్ సర్వర్ దాని మీదే నడిచింది. ఇలాంటి యాంటీవైరస్‌ల ఫీచర్లు, రేట్లు అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఆ సర్వర్‌ని కొత్త మెషీన్‌కి మార్చేటప్పుడు తీసిన బ్యాకప్ గురించి.

శనివారం రాత్రి బ్యాకప్ తీసి, కొత్త మెషీన్‌లో రీస్టోర్ చేసి, పాతది ఆపేసి, అదే పేరు, అదే ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) కొత్తదానికి ఇచ్చాను. కన్సోల్ (సర్వర్‌ని నడిపే స్క్రీన్) తెరిస్తే గ్రూపులు, పాలసీలు (యాంటీవైరస్ ఎలా పనిచేయాలో చెప్పే రూల్స్), ట్యాలీ ఫోల్డర్‌ని స్కాన్ చేయొద్దని పెట్టిన మినహాయింపుతో సహా అన్నీ ఉన్నాయి. పని ఇంత సులువా అనుకుని హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను. సోమవారం తొమ్మిదిన్నరకి జనం వచ్చి సిస్టమ్‌లు ఆన్ చేస్తున్నారు, కన్సోల్‌లో మాత్రం 180 సిస్టమ్‌లలో ఒక్కటీ కనెక్ట్ అయినట్టు పచ్చగా మారదు. అకౌంట్స్ తమ్ముడిని అడిగితే "నాకంతా బాగానే ఉందన్నా" అన్నాడు. వాడికి బాగానే ఉంటుంది మరి, సర్వర్ దొరక్కపోయినా ఒక్కో సిస్టమ్‌లో ఉండే ఏజెంట్ ప్రోగ్రామ్ పాత పాలసీతోనే పని చేసుకుపోతుంది, టెన్షనంతా నాకే. లాగ్ తెరిస్తే విషయం తెలిసింది: సర్టిఫికెట్, అంటే ఏజెంట్లు సర్వర్‌ని గుర్తుపట్టే డిజిటల్ గుర్తింపు కార్డు, వేరే. బ్యాకప్ తీసేటప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఈ సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్‌ని వదిలేస్తుందట! ఆ ముక్క స్క్రీన్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పేరూ ఐపీ అవే అయినా, ఏజెంట్ల లెక్కలో కొత్త సర్వర్ ఎవరో పరాయివాడు.

కొత్తదాని కేబుల్ పీకి పాతది మళ్లీ ఆన్ చేశాను. ఆ తర్వాతి శనివారం పాస్‌వర్డ్ ఇచ్చి మొదటి నుంచీ చేశాను. ఆ సోమవారం ఒక్కో మెషీన్ పచ్చబడుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయినా చూసుకోలేదు, ఏ ఒక్క సీటు దగ్గరికీ వెళ్లాల్సిన పని పడలేదు.

అప్పట్లో "కళ్లు మూసుకుని మార్చేయొచ్చు" అని ఇద్దరు ముగ్గురికి చెప్పాను, ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను. ఇల్లు మారితే సామానుతో పాటు బొద్దింకలూ వచ్చినట్టు, ఎప్పుడో స్క్రాప్‌కి వెళ్లిన పీసీలూ, పాత లాగులూ అన్నీ వెంట వచ్చాయి. ఇవన్నీ దాచుకునే డేటాబేస్ మైక్రోసాఫ్ట్ ఉచిత వెర్షన్ ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ 2019, దాని హద్దు 10 జీబీ. ఫిబ్రవరిలో అది నిండి కొత్త ఈవెంట్లు రావడం ఆగిపోయింది. ఆ పాత చెత్త తుడవడానికి మూణ్ణెల్లకోసారి చీపురు పట్టక తప్పట్లేదు.

మాది ఒకే బిల్డింగు, ఐపీ కూడా మారలేదు కాబట్టి నాకు సరిపోయింది, ఊరూరా బ్రాంచీలున్నవాళ్లు నా మాట పట్టుకుని దిగకండి. పాత సర్వర్‌ని స్క్రాప్‌కి పంపమని మేనేజర్ ఇప్పటికి నాలుగుసార్లు అడిగారు. అది ఇంకా నా టేబుల్ కిందే ఉంది, పైన నా టిఫిన్ క్యారియర్.