బ్రాంచ్‌కో ఫోల్డర్: గిట్ వర్క్‌ట్రీ చాలాకాలం వాడాక

బ్రాంచ్ మారిన ప్రతిసారీ బిల్డ్ మళ్లీ మొదటికి వస్తోందని విసిగిపోయిన సీ ప్లస్ ప్లస్ వాళ్లకు నేను ముందుగా చెప్పేది గిట్ వర్క్‌ట్రీ గురించే, అంటే ఒకే రిపోజిటరీలోని వేర్వేరు బ్రాంచ్‌లను వేర్వేరు ఫోల్డర్లలో ఒకేసారి ఉంచుకునే గిట్ సదుపాయం. కావలిలో ఇంటి నుంచి పనిచేస్తాను. రోహిణీ కార్తె ఎండల్లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఫుల్ బిల్డ్ మొదలైందంటే ఎంత టెన్షనో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు.

బిల్డ్ నడిపే మేక్ అనే టూల్, ఫైల్లో ఏముందో చూడదు, అది చివరిగా ఎప్పుడు మారిందో చూస్తుంది. బ్రాంచ్ మార్చగానే రెండు బ్రాంచ్‌ల మధ్య తేడా ఉన్న ఫైళ్లను గిట్ కొత్తగా రాస్తుంది. తిరిగి పాత బ్రాంచ్‌కి వచ్చినా అంతే. అక్షరం మారకపోయినా టైమ్ కొత్తది పడుతుంది. అందరూ ఇన్‌క్లూడ్ చేసుకునే హెడర్ ఒక్కటి అలా కదిలితే సగం ప్రాజెక్టు మళ్లీ కంపైల్ అవుతుంది.

వర్క్‌ట్రీలో ఆ గొడవ లేదు. 2015లో వచ్చిన గిట్ 2.5 నుంచీ ఉంది. ఏ బ్రాంచ్ ఫోల్డర్ దానిదే, బిల్డ్ దానిదే. హిస్టరీ మాత్రం ఉమ్మడి, మళ్లీ క్లోన్ చేయక్కర్లేదు. అర్జెంటుగా ఫిక్స్ కావాలని హైదరాబాద్ టీమ్ ఫోన్ చేస్తే స్టాష్ (సగంలో ఉన్న మార్పులను పక్కన దాచే గిట్ కమాండ్) జోలికి పోకుండా పక్క ఫోల్డర్‌లోకి వెళ్తాను. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

కొత్త ఫోల్డర్‌లో మొదటి బిల్డ్ మాత్రం పూర్తిగా జరగాల్సిందే. పాత బిల్డ్ ఫోల్డర్ కాపీ చేస్తే బిల్డ్ సిద్ధం చేసే సీమేక్ ఒప్పుకోదు, దాని క్యాష్‌లో పాత పాత్ ఉంటుంది. ఇక్కడ సీక్యాష్ (ఒకసారి కంపైల్ చేసినదాన్ని దాచి మళ్లీ వాడే టూల్) తోడుండాలి. దాని బేస్ డైరెక్టరీ సెట్టింగ్‌లో వర్క్‌ట్రీ ఫోల్డర్లన్నీ ఉన్న పై డైరెక్టరీ ఇవ్వండి. డీబగ్ బిల్డ్‌కి అదొక్కటే చాలదు, హ్యాష్ డైరెక్టరీ అనే సెట్టింగ్ కూడా ఆఫ్ చేయాలి. అప్పుడు డీబగ్గర్ ఒక్కోసారి పక్క ఫోల్డర్ సోర్స్ చూపించవచ్చు. నాకు అది పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

డిస్క్ బాగా తింటుంది. పని అయిపోయిన వర్క్‌ట్రీని రిమూవ్ చేస్తుండాలి. గిట్ పట్టించుకోకూడదని గిట్‌ఇగ్నోర్‌లో రాసిన లోకల్ కాన్ఫిగ్ ఫైళ్లు కొత్త ఫోల్డర్‌కి వాటంతట అవి రావు. సబ్‌మాడ్యూల్స్‌కి (ప్రాజెక్టు లోపల ఉండే వేరే గిట్ రిపోజిటరీలు) సపోర్ట్ ఇంకా పూర్తికాలేదని గిట్ డాక్యుమెంటేషనే చెబుతోంది. అవి ఎక్కువున్న ప్రాజెక్టుకి నేను ఇప్పటికీ విడిగా క్లోనే చేసుకుంటాను.