మిషిగన్ ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్ళి 386 డాలర్ల గదిలో పడుకున్నాం

ముందే చెప్తున్నాను. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ ఉన్న ఊరు ఆన్ ఆర్బర్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, ఐ-94 హైవే పక్కన "యూనివర్సిటీకి 5 నిమిషాలు" అని రాసుకున్న మోటెల్ కనిపిస్తే దానిమీద వేలు పెట్టకండి. ఆ 5 నిమిషాలు హెలికాప్టర్‌కేమో తెలియదు గానీ మా కారుకి 19 పట్టింది. అది చిన్న విషయం. పెద్ద విషయం ముందుంది.

మా పెద్దాడికి 2024లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో సీటొచ్చింది. ఆగస్టులో చేరాలి. ఈలోగా ఏప్రిల్ 20న అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తే ఆట) టీమ్ స్ప్రింగ్ గేమ్ ఉందనీ, కాలేజీ చూసినట్టూ ఉంటుంది, ఆట చూసినట్టూ ఉంటుందనీ వాడు పట్టుబట్టాడు. స్ప్రింగ్ గేమ్ అంటే అసలు మ్యాచ్ కాదు. టీమ్‌నే రెండుగా చీల్చి ఆడిస్తారు. టికెట్ లేదు. ఉచితం అనగానే మా ఆవిడ ఒప్పుకుంది. మార్చిలో తెనాలి నుంచి వచ్చిన మామయ్యగారు కూడా బయల్దేరారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్ళు డ్రిల్లు మాస్టారు. కబడ్డీ అంటే ప్రాణం. చికాగో పక్కన నేపర్విల్‌లో మా ఇంట్లో ఆరు వారాలుగా కిటికీలోంచి ఉడతల్ని లెక్కపెడుతున్న మనిషి, "ఆట" అన్న మాట వినగానే మంకీ క్యాప్ పెట్టుకుని తయారు.

శుక్రవారం ఆఫీసయ్యాక ఏడింటికి బయల్దేరాం. దారంతా బాగానే సాగింది, గ్యాస్‌కి 41 డాలర్ల 60 సెంట్లు. కారులో గడియారం 11:45 చూపిస్తుండగా మోటెల్ ముందు ఆగాం. పన్నెండులోపు చేరామని నేను సంబరపడ్డాను. చికాగోకీ మిషిగన్‌కీ గంట తేడా ఉందని ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నవాడికి గుర్తుండక్కర్లేదా? అక్కడ అప్పుడు రాత్రి 12:45.

కౌంటర్‌లో కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే చెప్పాడు. పన్నెండు దాటింది కాబట్టి మీరు రానట్టు లెక్క, బుకింగ్ రద్దయింది, మొదటి రాత్రి డబ్బు తిరిగి రాదు. గది ఉందా అంటే ఉంది. అదే గది! కానీ ఇప్పుడు రేటు 129 కాదు, 219. ఎందుకయ్యా అంటే వచ్చే వారం డెట్రాయిట్‌లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ లీగ్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఉందట. డ్రాఫ్ట్ 25న మొదలు. మేము వెళ్ళింది 19న. ఆ మాటే అన్నాను. "సిస్టమ్ అలా చూపిస్తోంది" అన్నాడు. పది నిమిషాలు వాదించాను. మామయ్యగారు వెనకాల చేతులు కట్టుకుని నిలబడి వింటున్నారు. ఇంగ్లీషు అంతగా రాదు గానీ ఆ కుర్రాడి ముఖం చదివేశారు. "అల్లుడుగారూ, వీడు విజిల్ వేసేశాడండీ. ఇంక గీత బయట నిలబడి అరిచి లాభం లేదు" అన్నారు.

పోయిన రాత్రికి పన్నుతో 143.19, కొత్త రేటుకి పన్నుతో 243.09. మొత్తం 386.28 డాలర్లు, ఒక్క రాత్రికి. పైన 100 డాలర్ల డిపాజిట్, అది తొమ్మిది రోజులకి వెనక్కి వచ్చింది. ఇంతా చేసి గది ఎలా ఉందంటే, "నో స్మోకింగ్" బోర్డు మీదే సిగరెట్ వాసన. హీటర్ ఆన్ చేస్తే పాత మిక్సీలో పచ్చి శనగపప్పు వేసినట్టు చప్పుడు, ఆపేస్తే చలి. మామయ్యగారు శాలువా మీద శాలువా కప్పుకుని పడుకున్నారు. ఉచిత బ్రేక్‌ఫాస్ట్ అన్నారు కదా అని పొద్దున వెళ్తే వాఫుల్ మెషీన్ మీద "పనిచేయదు" అని కాగితం అంటించి ఉంది. ఒక అరటిపండు, అదీ మచ్చలది. మా ఆవిడ తెచ్చిన పులిహోరే దిక్కయింది. ఆవిడ నాతో మాట్లాడింది మళ్ళీ తొమ్మిదిన్నరకి: "గంట తేడా కూడా చూసుకోలేదా మీరు?" తప్పు సగం నాదే, కాదనను. మిగతా సగానికి మాత్రం 90 డాలర్లు ఎక్కువ ఎందుకివ్వాలో ఇప్పటికీ అర్థం కాలేదు. రెండో రాత్రి అక్కడ ఉండకుండా దగ్గర్లోని కాంటన్ అనే ఊళ్ళో 112 డాలర్లకి శుభ్రమైన గది తీసుకున్నాం. ముందే అక్కడ దిగి ఉంటే ఈ గొడవే లేదు. కాంటన్‌లో తెలుగువాళ్ళు బోలెడుమంది, భోజనానికీ ఇబ్బంది లేదు. స్టేడియానికి అరగంట, అంతే.

ఇక స్టేడియం సంగతి. పార్కింగ్ కోసం తిరుగుతుంటే ఒక పాత ఇంటి ముందు డెబ్భై దాటిన పెద్దావిడ "20 డాలర్లు" అని అట్ట పట్టుకుని నిలబడి ఉంది. అక్కడ ఇళ్ళవాళ్ళు తమ లాన్‌లోనే కార్లు పెట్టించుకుంటారు. సీజన్‌లో అసలు మ్యాచ్‌లకైతే రేటు రెండు మూడింతలట. ఈ యాత్రలో నేను ఆనందంగా ఇచ్చిన డబ్బు ఆ ఇరవయ్యే. మామయ్యగారు వణకడం చూసి ఆవిడ లోపలికెళ్ళి దుప్పటి, మడత కుర్చీ, కాఫీ తెచ్చిపెట్టింది. ఆయన బదులుగా రెండు సున్నుండలు ఇచ్చారు. మిషిగన్ టీమ్‌కి బో షెంబెక్లర్ కోచ్‌గా ఉన్న రోజుల నుంచీ ఆ పెద్దావిడ వాళ్ళింట్లో సీజన్ టికెట్లు ఉన్నాయట. అంటే 1989కి ముందు మాట.

మిషిగన్ స్టేడియం బయటి నుంచి చూస్తే "ఇంతేనా?" అనిపిస్తుంది. మామయ్యగారు పైకే అనేశారు. గేటు దాటాక తెలిసింది, అది నేలమీద కట్టింది కాదు, నేలలోకి దించింది. మన దిగుడుబావిలాగా. పైనుంచి కిందికి మెట్లే మెట్లు, అడుగున పచ్చటి మైదానం. 1927లో కట్టారు, ఇప్పుడు 1,07,601 మంది పడతారు. తెనాలి ఊళ్ళో సగానికి పైగా జనాన్ని కూర్చోబెట్టచ్చు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ లోపలికి రానివ్వలేదు, నేను మళ్ళీ కారుదాకా నడిచాను. ఆవిడకి కోపం రెండో విడత.

ఆట మొదలయ్యాక అసలు మజా మామయ్యగారిది. మావాడు ఆయనకి ముందురోజే జనవరి 8 నాటి ఫైనల్ చూపించాడు. హ్యూస్టన్‌లో వాషింగ్టన్‌ని 34-13తో కొట్టి, 15కి 15 గెలిచి మిషిగన్ ఛాంపియన్ అయిన మ్యాచ్. అందులో ఉన్నవాళ్ళ కోసం ఈయన మైదానం అంతా వెతుకుతున్నారు. "ఆ కూతకెళ్ళేవాడేడిరా?" అంటే బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ. వెళ్ళిపోయాడు తాతయ్యా, ఎన్ఎఫ్ఎల్‌కి. ఆ పొట్టివాడు, సందుల్లోంచి దూరిపోయేవాడు? బ్లేక్ కోరమ్, వాడూ వెళ్ళిపోయాడు. "మరి ముందు గొలుసు కట్టిన లావుపాటి వాళ్ళు?" క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డుగా నిలబడే ఆ లైన్ వాళ్ళూ వెళ్ళిపోయారు. ఆ సీజన్‌లో లైన్‌లో ఆడిన జింటర్, కీగన్, న్యూజెంట్, బార్న్‌హార్ట్, హెండర్సన్, జోన్స్, ఆరుగురికి ఆరుగురూ. మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గొలుసు మొత్తం తెగిపోతే రైడర్ ఎవడైతే ఏంటి?" అన్నారు.

ఆ మాటలో ఎంత నిజముందో తర్వాతి వారం డ్రాఫ్ట్ చూస్తే తెలిసింది. మిషిగన్ నుంచి 13 మందిని తీసుకున్నారు, ఆ ఏడాది ఏ కాలేజీకీ అన్ని రాలేదు. మెకార్తీ పదో నంబరుగా మిన్నెసోటా టీమ్‌కి వెళ్ళాడు. కాలేజీ పేరుకి గర్వమే, టీమ్‌కి మాత్రం ఇల్లు ఖాళీ చేసినట్టే.

ఖాళీ అయింది ఆటగాళ్ళే కాదు. తొమ్మిదేళ్ళు కోచ్‌గా ఉన్న జిమ్ హార్బా, ఒకప్పుడు ఇదే కాలేజీకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు, ఛాంపియన్ అయిన నెలలోనే ఎన్ఎఫ్ఎల్ టీమ్ లాస్ ఏంజిలిస్ ఛార్జర్స్‌కి వెళ్ళిపోయాడు. డిఫెన్స్ కోచ్ జెస్సీ మింటర్‌ని, కుర్రాళ్ళకి కండలు పెంచే బెన్ హర్బర్ట్‌ని కూడా తీసుకెళ్ళాడు. "హార్బా వెళ్ళడం కంటే హర్బర్ట్ వెళ్ళడమే నాకు బాధ" అంది లాన్ ఆవిడ. అది మామయ్యగారికి అనువదిస్తే ఆయన తల ఊపారు: "డ్రిల్లు మాస్టారు పోతే ఎలాగమ్మా మరి!"

అప్పుడు కొత్తగా వచ్చిన హెడ్ కోచ్ షెరోన్ మూర్. అప్పటికి 38 ఏళ్ళు. 2023లో ఆ తెగిన గొలుసుకి కోచ్ ఇతనే. హార్బాపై సస్పెన్షన్ పడినప్పుడు రెగ్యులర్ సీజన్ చివరి మూడు మ్యాచ్‌లూ ఇతనే నడిపించి, అందులో ఒహాయో స్టేట్‌ని 30-24తో ఓడించాడు. కాబట్టి చేతకానివాడని అనలేం. కానీ సిద్ధంగా ఉన్న టీమ్‌ని మూడు వారాలు నడపడం వేరు, ఖాళీ గూళ్ళు నింపడం వేరు. జీతం ఏడాదికి 55 లక్షల డాలర్లు, మన రూపాయల్లో అప్పటి లెక్కన దాదాపు 46 కోట్లు అని మావాడు చెప్పగానే మామయ్యగారు "ఏడాదికా?" అని మూడుసార్లు అడిగారు. ఆ తర్వాత ప్రతి ఆటకీ కోచ్ ముఖమే చూశారు, అంత జీతానికి ఏం చేస్తున్నాడా అని.

2024 సీజన్‌కి డిఫెన్స్ గురించి నాకు భయం లేకపోయింది. మధ్యలో మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్ ఇద్దరూ ఉన్నారు. వాళ్ళని కదిలించాలంటే జేసీబీ కావాలి. చివర్న విల్ జాన్సన్, ఫైనల్‌లో డిఫెన్స్ తరఫున ఉత్తముడిగా ఎంపికైన కార్నర్‌బ్యాక్ (అంచున ఉండి పాసులు ఆపేవాడు). కార్నర్ అన్న పేరు వినగానే మామయ్యగారికి అతను సొంతమనిషైపోయాడు. "కబడ్డీలోనూ అంతే, కార్నర్ గట్టిదైతే సగం పట్లు అక్కడే దొరుకుతాయి" అన్నారు. అప్పుడు కొత్తగా వచ్చిన డిఫెన్స్ కోచ్ వింక్ మార్టిన్‌డేల్ ఎన్ఎఫ్ఎల్‌లో ముదిరినవాడు, ఎప్పుడూ మీద పడి ఆడించే రకం. ఒక్కటే లోటు: 2023లో ఒహాయో స్టేట్ మ్యాచ్‌లో ఆఖర్లో బంతి పట్టి గెలిపించిన రాడ్ మూర్‌కి ఆ స్ప్రింగ్‌లోనే మోకాలు దెబ్బతింది.

టెన్షన్ అంతా క్వార్టర్‌బ్యాక్ దగ్గరే. అలెక్స్ ఓర్జీ పరిగెత్తితే ముచ్చటేసింది. విసరమంటేనే నాకు నమ్మకం కుదరలేదు. డేవిస్ వారెన్ స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరినవాడు, హైస్కూల్లో ఉండగా లుకేమియా వచ్చి కోలుకున్నాడు. మా ఆవిడ ఆ సంగతి తెలిశాక ఆటంతా అతని కోసమే చప్పట్లు కొట్టింది. జేడిన్ డేవిస్ అప్పుడే హైస్కూలు దాటి వచ్చిన కుర్రాడు. ముగ్గురిలో "వీడే" అనిపించినవాడు లేడు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది, మన ఐటీ వాళ్ళు కంపెనీ మారినట్టు ఆటగాళ్ళు కాలేజీ మారతారు. లైన్ కోసం నార్త్‌వెస్టర్న్ నుంచి జాష్ ప్రీబ్‌ని అలాగే తెచ్చుకున్నారు. క్వార్టర్‌బ్యాక్‌ని కూడా తెచ్చుకోవాల్సింది. ఉన్నవాళ్ళతో సరిపెట్టుకుంటే పాసులు అందుకునే టైట్ ఎండ్ కోల్స్టన్ లవ్‌ల్యాండ్ లాంటి మంచి చేతులు ఉండి ఏం లాభం, బంతి అందాలి కదా. బహుశా డోనవన్ ఎడ్వర్డ్స్ చేతికిచ్చి పరిగెత్తిస్తూనే బండి లాగుతారనిపించింది. దానికి మళ్ళీ ముందు లైన్ కావాలి. అప్పటి లైన్ కోచ్ గ్రాంట్ న్యూసమ్ ఇదే టీమ్‌లో ఆడుతూ 2016లో కాలు దెబ్బతిని ఆట మానేసినవాడు. ఆ మాట చెప్పేటప్పుడు లాన్ ఆవిడ గొంతు మారింది.

ఆ 2024 సీజన్ మ్యాచ్‌ల వరస కూడా తేలికగా లేదు. ఆగస్టు 31న ఫ్రెస్నో స్టేట్, సెప్టెంబర్ 7న టెక్సస్, 21న యూఎస్‌సీ, నవంబర్ 2న ఆరెగన్, ఇవన్నీ ఇంట్లోనే. నవంబర్ 30న కొలంబస్ వెళ్ళి ఒహాయో స్టేట్‌తో ఆడాల్సి ఉంది. వాళ్ళు 2021 నుంచి వరసగా మూడుసార్లు వీళ్ళ చేతిలో ఓడి కాచుకు కూర్చున్నారు. 2024 నుంచి ప్లేఆఫ్‌లో (ఛాంపియన్‌ని తేల్చే ఆఖరి పోటీలు) నాలుగు కాదు, 12 టీమ్‌లు కాబట్టి రెండు ఓడినా ఆశ ఉంటుంది. మావాడు 10 గెలుస్తారన్నాడు. లాన్ ఆవిడ 9 అంది, అదీ దేవుడి దయ ఉంటే. నేను 8 అన్నాను, మావాడు కాంటన్ దాకా నాతో మాట్లాడలేదు. ఆ కారులో ఇక మాట్లాడని మనుషులు ఇద్దరు.

కాంటన్‌లో ఒక తెలుగు హోటల్లో ఉలవచారు దొరికింది, నలుగురికి టిప్పుతో 83 డాలర్లు. ఆదివారం నోవై వెంకటేశ్వరస్వామి గుళ్ళో దర్శనం, పులిహోర ప్రసాదం, ఇల్లు.

ఆ సీజన్ టికెట్ల గురించి అడిగినవాళ్ళకి అప్పుడు నేను చెప్పిన మాట ఇది. టెక్సస్ మ్యాచ్‌కి ఎగబడకండి, జేబు చిల్లు పడుతుంది. సెప్టెంబర్ 14న ఆర్కన్సా స్టేట్ మ్యాచ్ చూడండి. అదే దిగుడుబావి, అంతే జనం, ధర మాత్రం తక్కువ ఉంటుంది. గది కాంటన్‌లో తీసుకోండి. చికాగో వైపు నుంచి వెళ్ళేవాళ్ళు గడియారం గంట ముందుకి తిప్పుకోండి.

మోటెల్‌కి నేను రాసిన పెద్ద ఈమెయిల్‌కి జవాబొచ్చింది. మళ్ళీ వస్తే పది శాతం తగ్గిస్తారట. బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు.

నా సలహా మా ఇంట్లోనే ఎవరూ వినలేదు. మామయ్యగారి తిరుగు టికెట్ జులైలో. ఒక రాత్రి భోజనాల దగ్గర మెల్లిగా అడిగారు, టికెట్ తర్వాతి తేదీకి మార్పించాలంటే ఎంతవుతుందని. ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేస్తే 175 డాలర్లన్నారు. ఆయన ఐ-94, అంటే రోడ్డు కాదు, అమెరికాలో ఎన్నాళ్ళు ఉండచ్చో చెప్పే పత్రం, సెప్టెంబర్ 9 దాకా ఉంది. టెక్సస్ మ్యాచ్ 7న. "ఇంకా రెండు రోజులు మిగులుతాయి కదండీ" అన్నారు.