‘అమ్మా’ అన్న పిలుపు దగ్గర ఆగిన సిట్టింగ్: సిరిపురం వైపు ఒక కౌన్సెలింగ్ కేంద్రం

విశాఖపట్నంలో సిరిపురం కూడలి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉన్న కౌన్సెలింగ్ కేంద్రానికి జూన్ నుంచి నవంబరు దాకా పదకొండు సార్లు వెళ్లాను. నాకు కౌన్సెలింగ్ చేసినావిడ వృత్తిలో ఇంకా కొత్తవారు. అడగకుండా ఆమె పేరు రాయడం భావ్యం కాదు, కేంద్రం పేరు రాస్తే ఆమె పేరు రాసినట్లే అవుతుంది కాబట్టి రెండూ వదిలేస్తున్నాను. ఇటువంటి చోటికి వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్నవారికి ఆ గది తలుపు వెనుక ఏం జరుగుతుందో కొంతైనా తెలియాలన్నదే నా ఉద్దేశం.

నా వయసు 53. గాజువాక వైపు ఒక సంస్థలో లెక్కలు చూస్తాను. మా నాన్నగారు రెండేళ్లు మంచాన పడి ఫిబ్రవరిలో పోయారు. పెద్దకర్మ ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక నాకు నిద్ర కరవైంది. రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చిందంటే తెల్లవారేదాకా తిరిగే ఫ్యానును చూస్తూ పడుకోవడమే. మా ఊళ్లో చినవాల్తేరు పేరెత్తితే ప్రభుత్వ మానసిక వైద్యశాల గుర్తుకు రావడం, దాని మీద వేళాకోళాలాడడం మా తరానికి చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ వేళాకోళాలు నేనూ ఆడినవాణ్ణే కనుక, ఇంట్లో చెప్పకుండానే మొదటిసారి వెళ్లాను.

ఆ మొదటిసారి వెళ్లింది ఈ కేంద్రానికి కాదు, నగరంలోనే మరొక చోటికి. అక్కడి పెద్దాయన పది నిమిషాలు విని, ‘చూడు తమ్ముడూ’ అని మొదలుపెట్టి, తమ తండ్రి పోయినప్పుడు తాము ఎంత నిబ్బరంగా ఉన్నారో మిగిలిన సమయమంతా చెప్పారు. మనిషి మంచివాడే. కానీ అరుగు మీద పక్కింటి పెద్దమనిషి ఊరికే చెప్పే మాటలకు రుసుము కట్టి వచ్చానన్న దిగులు తోడై, ఆ రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చింది.

సిరిపురం కేంద్రంలో మొదటి సిట్టింగ్ ఇందుకు పూర్తిగా భిన్నంగా నడిచింది. సిట్టింగ్ 50 నిమిషాలని, తాను మందులు రాయనని, నిద్ర గురించి వైద్యుడికి చూపించుకుని ఉండకపోతే ముందు ఆ పని చేయమని ఆవిడ చెప్పారు. ఇక్కడ మాట్లాడినది బయటికి పోదని, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ గోప్యతను హక్కుగానే గుర్తించిందని, అయితే నా ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం తాను మౌనంగా ఉండలేనని వివరించారు. ఇంతవరకు దాస్తానని, ఇంతకుమించి దాచలేనని ముందే గీత గీసి చూపించిన మనిషిని నమ్మడం నాకు సులువైంది.

తరువాత నిద్ర డైరీ ఇచ్చారు. దానితోపాటు, 1960లలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతిలో, ఏం జరిగింది, ఆ క్షణంలో మనసులో నడిచిన మాట ఏది, దానికి రుజువేమిటి అని గళ్లు గీసిన కాగితం ఒకటి. లెక్కల మనిషికి గళ్లు నింపడం ఒక లెక్కా? మూడు సిట్టింగులు పొల్లుపోకుండా నింపి తీసుకెళ్లాను. నిద్ర ఓ అరగంట పెరిగింది, అంతే.

నాలుగో సిట్టింగ్‌లో ఆవిడ కాగితం పక్కన పెట్టి, నేను ఊహించని ప్రశ్న వేశారు. మా అమ్మాయికి 28 ఏళ్లు, ఆవిడకూ ఇంచుమించు అంతే ఉంటాయి, అందువల్ల మొదటి రోజు నుంచీ ఆమెను ‘అమ్మా’ అనే పిలుస్తూ వచ్చాను.

“మీరు నన్ను అమ్మా అంటున్నారు. అందులో తప్పేమీ లేదండీ. కానీ మీ అమ్మాయి వయసు మనిషి ముందు నోట రానివ్వని మాట ఏదైనా ఆగిపోతోందేమోనని నాకనిపిస్తోంది.”

కిటికీ కింద ఆటో ఒకటి హారన్ కొడుతూనే ఉంది. నేను చాలాసేపు బల్ల మీది నీళ్ల గ్లాసును చూస్తూ ఉండిపోయాను. చివరికి, నాన్న పోయిన రాత్రి నాకు ఒళ్లు తెలియని నిద్ర పట్టిందని, అది దుఃఖం వల్ల వచ్చిన నిద్ర కాదని, భారం దిగినవాడి నిద్ర అని చెప్పాను. ‘అలా అనుకోకూడదండీ’ అనలేదు ఆవిడ. “ఆ రెండేళ్లూ రాత్రిళ్లు ఎవరు లేచేవారు?” అని మాత్రం అడిగారు. వీపున పుండ్లు పడకుండా పక్క మార్చాలి కదా, పదకొండున్నరకు లేచే వంతు మా ఆవిడది, రెండున్నరకు లేచే వంతు నాది అని జవాబు చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆగిపోయాను.

గళ్ల కాగితం ఈ సంగతిని మూడు సిట్టింగుల్లో బయటికి తీయలేకపోయింది. దాని మీద నాకు చిన్నచూపు లేదు. ఆ తరువాత ‘నేను కృతఘ్నుణ్ణి’ అన్న మాటకు రుజువులు వెతికినప్పుడు అదే కాగితం ఎంతో పనికొచ్చింది. కానీ ఆ మాటను కాగితం మీదికి దించడానికి ముందు దాన్ని పలకగలిగే చోటు కావలసి వచ్చింది. ఇంటికి వచ్చాక కొంత చదివాను. రోగి అనకుండా ‘క్లయింట్’ అనే మాటను 1942 నాటి తన పుస్తకంతో వ్యాప్తిలోకి తెచ్చిన అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్, కౌన్సెలర్ ఎదుటి మనిషిని షరతులు లేకుండా స్వీకరించాలని, అతని కళ్లతో చూడగలగాలని, తాను నటించకూడదని 1957లో ఒక వ్యాసంలో రాశారు. (మన దగ్గర క్లయింట్ అంటే వకీలు దగ్గరికో ఆడిటర్ దగ్గరికో వెళ్లేవాడన్న అర్థం స్థిరపడింది కనుక, ఆ మాట నాకింకా చెవికి ఇంపుగా లేదు.) అదంతా చదివాక తమ్ముడూ అన్న పిలుపుకూ అమ్మా అన్న పిలుపుకూ తేడా తెలిసివచ్చింది. వరసలు కలపడం మనకు మర్యాదే. కాకపోతే పెద్దాయన వరస కలిపి నాకు అన్నగారైపోయారు, ఈవిడ వరసను కాదనకుండానే దానివల్ల మూతపడిన తలుపేదో చూపించారు.

ఆవిడ పొరపాటు పడలేదని కాదు. ఏడో సిట్టింగ్‌లో నాన్నగారికి ఉత్తరం రాసి తీసుకురమ్మన్నారు. నాకది నాటకంలా తోచింది. రాయలేదు, పైగా తీరిక దొరకలేదని అబద్ధమాడాను. ఎనిమిదో సిట్టింగ్‌లో, “మీకు నచ్చుతుందో లేదో అడగకుండా పని చెప్పేశాను, నాదే పొరపాటు” అని ఆవిడే అన్నారు. కౌన్సెలింగ్ నిలబడాలంటే ఇద్దరి మధ్య అనుబంధం ఒక్కటే చాలదని, చేరవలసిన గమ్యంలోనూ అందుకు చేసే పనుల్లోనూ ఇద్దరికీ ఒప్పుదల ఉండాలని మరో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో రాసినది సరిగ్గా ఈ సంగతే. ఉత్తరం బదులు, నాన్నగారి మంచం ఉన్న గదిని ఏం చేయాలో మా ఆవిడతో మాట్లాడతానని నేనే చెప్పాను. మాట్లాడాను కూడా.

ఇక కేంద్రంతో నాకున్న ఫిర్యాదులు. తెలుగులో ఇంత బాగా మాట్లాడేచోట సంతకం పెట్టవలసిన అంగీకార పత్రం మాత్రం ఇంగ్లీషులో ఉంది. మా అత్తగారి వంటివారు దాన్ని చదవకుండానే సంతకం పెట్టవలసి వస్తుంది. ముందు హాలుకూ గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ కావడంతో మాటలు వినిపించకుండా రేడియో పెడుతున్నారు, అది చాలదు. సిట్టింగ్‌కు 1,200 రూపాయలు నాబోటివాడికి భరించదగినదే కాని తక్కువ కాదు. రాత్రివేళ మనసు బాగోకపోతే కేంద్రం ఫోను ఎత్తరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా చేయవచ్చని గోడ మీద కాగితం అంటించారు, అందులో తెలుగులోనూ మాట్లాడతారు. సాయంత్రం ఆరు తరువాతి సమయం కావాలంటే రెండు వారాల ముందే అడగాలి. లిఫ్టు నేను వెళ్లిన పదకొండు సార్లలో నాలుగు సార్లు పనిచేయలేదు, మోకాళ్ల నొప్పులున్నవారు బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.