పికప్ ఫిల్టర్ అని 6,800 పెట్టిన, పైపుల దుబ్బ తేలింది

కారుకు "పర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టర్" వేయిద్దామని చూస్తున్నోళ్లు, ముఖ్యంగా మన నల్లగొండ, దేవరకొండ దిక్కు డీజిల్ బండ్లున్నోళ్లు, పైసలు కట్టకముందే ఇది సదువుండ్రి.

నాది టర్బో డీజిల్. పోయిన ఎండాకాలం హైదరాబాద్‌ల ఒక షాపుల ఎర్ర కాటన్ కోన్ ఫిల్టర్, దానికి స్టీల్ పైపు పెట్టించిన. "అన్నా, పది హార్స్‌పవర్ ఖాయం, మైలేజీ రెండు పెరుగుతది, కడుక్కుంట జిందగీ మొత్తం వాడొచ్చు" అన్నడు. కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసి డిక్కీల పడేసిన.

మొదటి వారం బండి నిజంగనే ఉరికింది. సగం ఆ సుయ్‌మనే సౌండ్ మహిమ. మిగతా సగం ఎక్కడిదో తర్వాత సమజైంది: నా పాత ఫిల్టర్ 30 వేల కిలోమీటర్లు మార్చలే, దుబ్బ పట్టి అట్ట లెక్కయింది. 450 పెట్టి కొత్త కంపెనీ ఫిల్టర్ వేసినా ఆ పికప్ వచ్చేది. అమెరికాల ఓక్ రిడ్జ్ ల్యాబోళ్లు 2009ల పరీక్ష చేసిన్రు: ఇప్పటి ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లల్ల జామైన ఫిల్టర్ తీసి మంచిది వేస్తే పికప్ బాగైతది గానీ మైలేజీ మారదు. నేనూ ఫుల్ ట్యాంక్ లెక్కేసిన, 18కి 18ఏ.

డీజిల్ ఇంజన్ మామూలుగనే అక్కరకు మించిన గాలితో నడుస్తది. బలమంతా ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, ఎంత డీజిల్ కొడితే అంత. గాలి ఇంకింత పోస్తే ఏమొస్తది? పైగా ఆ కోన్ బానెట్ కింద ఇంజన్ వేడినే పీలుస్తది. కంపెనీ డబ్బాకు ముందటి నుంచి చల్లగాలి వచ్చే దారి ఊకెనే పెట్టలే.

దసరా దాటినంక, వరికోతల టైంల అసలు దెబ్బ తగిలింది. ట్రాక్టర్ల ఎనుక పోతుంటే చెక్ ఇంజన్ లైటు వెలిగింది, బండి చడావు ఎక్కనంటది. మా మెకానిక్ పైపు ఇప్పి, తెల్ల బట్ట లోపటికి పెట్టి తిప్పిండు. ఇటుక పొడిల ముంచినట్టు వచ్చింది, అంతా చెల్క మట్టి. గాలిని కొలిచే సెన్సర్ మీద, దుబ్బ పట్టేటందుకు కాటన్ ఫిల్టర్‌కు కొట్టే నూనె జిగట, దాని మీద దుబ్బ. గాలి తక్కువొస్తుందనుకొని ఈసీయూ డీజిల్ తగ్గిస్తుందట. పవర్ కోసం కొంటే ఉన్న పవర్ పోయింది! ఇంజన్‌లకు గాలి నెట్టే టర్బో రెక్కల అంచులు ఎలుక కొరికినట్టున్నయి.

సెన్సర్ 5,200, టర్బో పని 23,000. వారంటీ అడిగితే బయటి పైపు ఫొటో తీసుకొని రాదన్నరు. షాపాయన "ఆయిల్ నువ్వే ఎక్కువ కొట్టినవ్" అన్నడు. కడిగినంక కొంచెం ఎక్కువే కొట్టిన, అది నిజం. కానీ ఎంత కొట్టాల్నో అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పలే.

ఇప్పటికే వేయించుకున్నోళ్లు రేపు పొద్దుగాల, ఇంజన్ సల్లగున్నప్పుడు, ఫిల్టర్ తర్వాతి పైపు ఇప్పి తెల్ల బట్టతోని తుడిచి చూడుండ్రి. కంపెనీ డబ్బా పారేయకుండ్రి, నన్ను కాపాడింది డిక్కీల ఉన్న ఆ డబ్బానే. నా కోన్ సగం ధరకిస్తవా అని ఇద్దరడిగిన్రు. ఇయ్య.