కవలల ప్యాకేజీ కొంటున్నారా? ముందు మాయ (ప్లాసెంటా) ఒకటా, రెండా అడగండి

కవలల కాన్పు కోసం ప్రైవేటు హాస్పిటల్లో ప్యాకేజీ మాట్లాడుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. హాస్పిటల్ పేరు రాయడం లేదు. పేరు కంటే, ఆ ప్యాకేజీలో ఏం లేదో తెలుసుకోవడమే మీకు పనికొస్తుంది.

మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటిపొర కొలిచే స్కాన్) అయిన రోజే బిల్లింగ్ కౌంటర్లో 'ట్విన్స్ ప్యాకేజీ' అని కాగితం చేతిలో పెట్టారు. డాక్టర్ విజిట్లు, ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్, చివర్లో ఒక గ్రోత్ స్కాన్, సిజేరియన్, రూము. ఒక్క బిడ్డకు అమ్మే ప్యాకేజీకే పేరు మార్చి రేటు పెంచారు. స్కాన్‌లు మాత్రం ఒక్కటీ పెరగలేదు.

ఐదో నెల మొదట్లో మా ఆవిడ పొట్ట ఉన్నట్టుండి పెరిగిపోయింది. వారం కిందట వదులుగా ఉన్న నైటీ బిగుతైపోయింది. పొట్ట చర్మం లాగేసినట్టు గట్టిగా, నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి పడుకోలేక దిండ్లు పెట్టుకుని కూర్చోవడం. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే, "కవలలు కదండీ, అలాగే ఉంటుంది, టిఫాకి వచ్చినప్పుడు మేడమ్‌కి చెప్పండి" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లూ అదే మాట. టెన్షన్ తట్టుకోలేక ఫైలు పట్టుకుని కడుపులోని బిడ్డల వైద్యం చూసే ఒక ఫీటల్ మెడిసిన్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాం.

ఆవిడ ప్రోబ్ పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక బిడ్డ చుట్టూ ఉమ్మనీరు 2 సెంటీమీటర్ల లోతు కూడా లేదు, ఇద్దరి మధ్య పొర ఆ బిడ్డ ఒంటికి అతుక్కుపోయి ఉంది. రెండో బిడ్డ చుట్టూ 8 సెంటీమీటర్లు దాటింది. ఇద్దరిదీ ఒకే మాయ. ఆ మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి ఒకరి రక్తం మరొకరికి ఎక్కువగా వెళ్తోంది. ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి ఉమ్మనీరు ఎండిపోతుంది, పుచ్చుకునే బిడ్డ గుండె మీద భారం పడుతుంది. దీన్ని టీటీటీఎస్ (ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోమ్) అంటారట. ఒకే మాయ పంచుకునే కవలల్లో నూటికి 10 నుంచి 15 జంటలకు ఇది వస్తుంది. వదిలేస్తే ఇద్దరికీ ప్రాణాపాయమే.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇది. ఆవిడ మా పాత ఎన్‌టీ స్కాన్ ఫిల్మ్ తీసి లైటు ముందు పెట్టారు. ఇద్దరి మధ్య ఉన్న పొర మాయను తాకే చోట వేలు పెట్టి చూపించారు. అక్కడ త్రికోణంలా మందంగా ఉంటే ఎవరి మాయ వాళ్లదని. మాదాంట్లో పొర సన్నగా, నిటారుగా వెళ్లి మాయను తాకింది. అంటే ఒకటే. 11 నుంచి 14 వారాల మధ్య ఇది బాగా తెలుస్తుంది, ఆ తర్వాత తేల్చడం కష్టమవుతుంది. బొమ్మ మా ఫైల్లోనే ఉంది. రిపోర్టులో మాత్రం కవలలు, ఇద్దరి గుండె కొట్టుకుంటోంది అని రాసి వదిలేశారు.

ఒకే మాయ అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయాలి. వేర్వేరు మాయలైతే నెలకోసారి సరిపోతుంది. మాకు అమ్మిన ప్యాకేజీలో ఎన్‌టీకి, టిఫాకి మధ్య ఒక్క స్కాన్ కూడా లేదు. ఈ జబ్బు ఆ సమయంలోనే బయటపడొచ్చు.

మా ఆవిడకు సన్నటి గొట్టం గర్భంలోకి పంపి, కలిసిన రక్తనాళాలను లేజర్‌తో మూసేశారు. ఇది అన్ని హాస్పిటళ్లలో చేసేది కాదు, ఆలస్యమైతే కుదరదు కూడా. దేవుడి దయ వల్ల ఇద్దరి గుండె కొట్టుకుంటోంది, ఉమ్మనీరు సర్దుకుంటోంది. ఇంకా గండం గడిచిందని చెప్పలేం, స్కాన్‌లు నడుస్తున్నాయి.

మీరు డబ్బు కట్టే ముందు మాయ ఒకటా రెండా అన్నది ఎన్‌టీ రిపోర్టులోనే రాయించుకోండి. 14 వారాలు దాటకముందే అడగండి. ఒకటే అయితే, రెండు వారాల స్కాన్‌లు ప్యాకేజీలో ఉన్నాయా, విడిగా కట్టాలా, తేడా వస్తే ఎక్కడికి పంపుతారు అన్నవి కాగితం మీద తీసుకోండి. కవలలు నెలలు నిండకుండానే పుట్టడం మామూలే కాబట్టి ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) ఖర్చు కూడా అడగండి. మా కాగితంలో చిన్న అక్షరాల్లో 'అదనం' అని ఉంది, అదీ ఒక్కో బిడ్డకు, రోజు లెక్కన. పొట్ట హఠాత్తుగా పెరిగి బిగుసుకున్నా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అదే రోజు స్కాన్ చేయించండి.

ప్యాకేజీలో వాడని సేవల డబ్బు తిరిగి ఇమ్మంటే ఆ హాస్పిటల్ వాళ్లు 'నాన్ రిఫండబుల్' అన్నారు. రికార్డులు రాతపూర్వకంగా అడిగాం. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. ఇలాంటి ప్యాకేజీ డబ్బు వెనక్కి రాబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ కాగితాలు అడిగారో చెప్పండి.