గ్రౌండ్ లూప్ ఐసోలేటర్: బుయ్‌మనే మోతకు మందే, గరగరకు కాదు

హనుమకొండలో నర్సింగ్ హోమ్ కానీ, ఎనుమాముల మార్కెట్ పక్కన గోడౌన్ కానీ, సీలింగ్ స్పీకర్లలో ఏ మోత వచ్చినా చాలాసార్లు ముందుగా చేతిలో పెట్టేది ఈ చిన్న డబ్బానే. ధర కొన్ని వందల్లోనే ఉంటుంది. లోపల ఛానెల్‌కు ఒకటి చొప్పున 1:1 (రెండు వైపులా ఒకే వోల్టేజీ ఉండే) ఆడియో ట్రాన్స్‌ఫార్మర్, సాధారణంగా 600 ఓమ్స్‌ది. అంతకుమించి ఏమీ ఉండదు. కరెంటు అక్కర్లేదు, తిప్పాల్సిన బటన్లు లేవు. తన పని వరకు ఇది ఖర్చుకు తగ్గ వస్తువే. తనది కాని పనికి కూడా దీన్నే అంటగట్టడంతో వస్తుంది చిక్కు.

దాని అసలు పనేమిటో చూద్దాం. రిసెప్షన్‌లోని ఈపీఏబీఎక్స్ (అనౌన్స్‌మెంట్లు పంపే, బిల్డింగు సొంత ఫోన్ ఎక్స్ఛేంజి) ఒక ఎర్తింగ్ మీద, పై అంతస్తు ర్యాక్‌లోని ఆంప్లిఫయర్ మరో ఎర్తింగ్ మీద నడుస్తుంటాయి. రెండు ఎర్తుల మధ్య కాస్త వోల్టేజీ తేడా ఉంటే చాలు, రెంటినీ కలిపే ఆడియో వైరు పై అల్లిక (షీల్డ్) గుండా కరెంటు పారుతుంది, ఇదే గ్రౌండ్ లూప్. దాంతో బుయ్‌మనే 50 హెర్ట్జ్ హమ్, దానితో పాటు 100 హెర్ట్జ్ మోత అన్ని స్పీకర్లలో ఒకే తీరుగా వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ మాటను అయస్కాంత క్షేత్రం ద్వారా దాటించి, రాగి తీగ సంబంధాన్ని తెంపేస్తుంది. లూప్ తెగితే హమ్ ఆగుతుంది. హమ్ పోవాలని ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లు ఇంకా ఉన్నారు. దానివల్ల ఆంప్లిఫయర్ బాడీ ముట్టుకుంటే కరెంటు కొట్టే ప్రమాదం ఉంది, అది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అలాంటి చోట ఈ డబ్బా పెట్టడమే సరైన దారి.

కొనేముందు కౌంటర్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి చూడండి. ఇన్‌పుట్ గ్రౌండ్‌కూ అవుట్‌పుట్ గ్రౌండ్‌కూ మధ్య కంటిన్యుటీ (తీగ సంబంధం) ఉండకూడదు. బీప్ మోగిందంటే లోపల రెండు గ్రౌండ్లూ కలిపేశారన్నమాట, అది ఐసోలేటర్ అనిపించుకోదు. ఒకే వైపు సిగ్నల్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య మాత్రం రెసిస్టెన్స్ చూపాలి, అది వైండింగ్ (ట్రాన్స్‌ఫార్మర్ తీగ చుట్ట). పూర్తిగా ఓపెన్ చూపితే తీగ తెగిపోయినట్టే. చవక డబ్బాల్లో కోర్ చిన్నది కాబట్టి సిగ్నల్ ఎక్కువైతే బేస్ తగ్గి శబ్దం పగులుతుంది. అనౌన్స్‌మెంట్‌కు ఇది పెద్ద లోపం కాదు, టెలిఫోన్ మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. గుడిలో భజనల మైకుకు మాత్రం తేడా తెలిసిపోతుంది.

అసలు మీ బిల్డింగుకు ఇది అవసరమా కాదా అనేది కొనకముందే తేలిపోతుంది. ఎవరూ మాట్లాడనప్పుడు ఆంప్లిఫయర్ మాస్టర్ వాల్యూమ్ సున్నాకు తిప్పండి. మోత ఆగితే తప్పు ఇన్‌పుట్ వైపు ఉంది. ఒక్కో ఇన్‌పుట్ వైరూ పీకుతూ పోండి. ఈపీఏబీఎక్స్ వైరు పీకగానే హమ్ ఆగిందా, ఐసోలేటర్ కొనండి. అన్ని వైర్లూ పీకినా ఆగకపోతే డబ్బాతో పని లేదు. మాస్టర్ సున్నా మీద కూడా మోత అలాగే ఉంటే తప్పు ఆంప్లిఫయర్ పవర్ సెక్షన్‌లోనో స్పీకర్ లైన్‌లోనో ఉంది. వాల్యూమ్ తిప్పుతున్నప్పుడు మాత్రమే గరగరమంటే పాట్‌లో (వాల్యూమ్ నాబ్ వెనకుండే భాగంలో) దుమ్ము చేరిందని అర్థం. పత్తి నూగు ఎగిరే చోట ఇది మామూలే. సెట్ ఆఫ్ చేసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆ నాబ్‌ను పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడే మోత వస్తుంటే ఇన్వర్టర్ వేవ్‌ఫామ్‌ను (అది ఇచ్చే కరెంటు అల ఆకారాన్ని) అనుమానించాలి. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ మీద పెట్టి చూడండి. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే మోత మారుతోందంటే, మైకు వైరు కరెంటు వైరు పక్కనే పోతోందేమో చూసి కనీసం అడుగు దూరం జరపాలి. కాజీపేట వైపు ప్రతి హమ్‌నూ రైల్వే కరెంటు మీదికి నెట్టేయడం ఒక అలవాటు. ముందు ఇవన్నీ చూశాక ఆ మాట అనొచ్చు.

ఇక గరగర, చిటపట. వానాకాలంలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే, వీటికి ఐసోలేటర్ పైసా పని చేయదు. మాట్లాడినప్పుడే గరగర వచ్చి, మాట ఆపగానే ఆగితే అది వదులు జాయింటు: మైకు వైరు ప్లగ్గులోనో, ఫాల్స్ సీలింగ్ పైన చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన చోటో. ఒక్క స్పీకర్‌లోనే వస్తే ఆ స్పీకర్ దగ్గరే వెతకండి. ఒక చోటు నుంచి చివరిదాకా అన్నింట్లో వస్తే, ఆ వరుసలో మొదటి స్పీకర్‌కు ముందున్న జాయింటు చూడండి. ఏదీ తేలకపోతే సెట్ ఆఫ్ చేసి, లైన్‌ను మధ్య జంక్షన్ బాక్స్ దగ్గర విప్పి మొదటి సగం మాత్రమే నడపండి. అది బాగుంటే తప్పు రెండో సగంలో ఉంది, దాన్ని మళ్లీ సగం చేయండి. ఎలుక కొరికిన చోటు, టెర్రస్ మీద కోతులు లాగిన హారన్ వైరు ఇలాగే దొరుకుతాయి.

తడి అనుమానం ఉంటే లైన్‌ను ఆంప్లిఫయర్ నుంచి విప్పి, రెండు తీగలూ కలిపి ఎర్త్‌కు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టండి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఎక్కడో నీళ్లు చేరినట్టే. తీగకూ తీగకూ మధ్య మెగ్గర్ పెట్టి లాభం లేదు, స్పీకర్ల ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులు ఆ రెండు తీగలనూ కలుపుతూ ఉంటాయి. ఆంప్లిఫయర్ మీద పడే లోడ్ కూడా ఒకసారి లెక్కేయండి. 100 వోల్టుల లైన్ మీద 6 వాట్ల ట్యాపింగ్‌లో (ఒక్కో స్పీకర్ 6 వాట్లు తీసుకునేలా కలిపితే) 20 స్పీకర్లంటే 120 వాట్లు, అంటే లైన్ ఇంపెడెన్స్ (ఏసీకి అది చూపే నిరోధం) దాదాపు 83 ఓమ్స్. మామూలు మల్టీమీటర్ ఇంతకంటే చాలా తక్కువ చూపుతుంది, అది డీసీ రెసిస్టెన్స్ మాత్రమే. దాన్ని చూసి షార్ట్ అనుకోవద్దు.

బిగించేటప్పుడు డబ్బా ఆంప్లిఫయర్ వైపు ఉండాలి, దాని తర్వాతి వైరు పొట్టిగా ఉండాలి. ఆంప్లిఫయర్ మీదే పెడితే అందులోని పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి హమ్ మళ్లీ ఎక్కుతుంది. అడుగు దూరం పెట్టి, మూడు నాలుగు వైపులకు తిప్పి చూడండి. 100 వోల్టుల స్పీకర్ లైన్‌లో దీన్ని పెట్టకూడదు, కాలిపోతుంది. ఫాంటమ్ పవర్ (మైకు వైరులోనే వచ్చే డీసీ కరెంటు) మీద నడిచే కండెన్సర్ మైకు మధ్యలో పెట్టినా పని చేయదు, ఈ డబ్బా డీసీని దాటనివ్వదు కాబట్టి మైకు మూగబోతుంది.

పేజింగ్‌కు (అనౌన్స్‌మెంట్లకు) ఒక్క ఛానెల్ చాలు. రెండోది ఖాళీగా ఉంది కదా అని మ్యూజిక్ ప్లేయర్‌ను అందులోకి కలపొద్దు. 3.5 ఎంఎం జాక్ ఉన్న రకాల్లో రెండు ఛానెళ్ల గ్రౌండ్ ఒకటే. అలా కలిపితే ప్లేయర్‌కూ ఈపీఏబీఎక్స్‌కూ మధ్య కొత్త లూప్ పుడుతుంది. ఒక్కో సోర్స్‌కు ఒక్కో డబ్బా కొనాల్సిందే.