బెంటన్‌విల్: చిలగడదుంపల చేల మధ్య ఒక యుద్ధభూమి

అమెరికాలోని నార్త్ కెరొలైనా రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో కాపురం పెట్టి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో ఇండియా నుంచి వచ్చిన బంధువులందరినీ ఐదారు గంటలు కారులో తిప్పి అమెరికా అంతర్యుద్ధపు ప్రసిద్ధ యుద్ధభూమి గెటిస్‌బర్గ్ చూపించాను గాని, ఇంటికి గంట దూరంలో ఉన్న బెంటన్‌విల్‌కు ఒక్కసారీ వెళ్ళలేదు. ఈసారి మామగారు వచ్చారు. ఆయనది కారెంపూడి పక్కన ఒక పల్లె. పల్నాటి వీరుల కథ వింటూ పెరిగిన రైతు. ఈ దేశంలో కూడా అన్నదమ్ములు కొట్టుకున్న యుద్ధం జరిగిందట కదా, ఆ నేల దగ్గరలో ఏదైనా ఉందా అని ఆయనే అడగడంతో ప్రయాణం కట్టాము.

మొదటి తప్పు నాదే. ఆదివారం వెళ్ళాము. నార్త్ కెరొలైనా రాష్ట్ర చారిత్రక స్థలాలు సాధారణంగా మంగళవారం నుంచి శనివారం వరకే తెరచి ఉంటాయి కాబట్టి సందర్శకుల కేంద్రం తలుపులు మూసి ఉన్నాయి. ఆ పూట రోడ్డు పక్కన ఉన్న పలకలు చదువుకుని వెనక్కి వచ్చి, మరుసటి వారం శుక్రవారం రాత్రి స్మిత్‌ఫీల్డ్‌లో బస చేసి, శనివారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాము.

యుద్ధం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1865 మార్చి నాటికి జనరల్ షెర్మన్ నాయకత్వంలో దాదాపు 60,000 మంది యూనియన్ (ఉత్తరాది) సైనికులు రెండు విభాగాలుగా గోల్డ్స్‌బరో వైపు నడుస్తున్నారు. వారిని ఒక్కటిగా ఎదుర్కోవడం అసాధ్యమని ఎరిగిన కాన్ఫెడరేట్ (దేశం నుంచి విడిపోయిన దక్షిణాది) సేనాని జోసెఫ్ జాన్‌స్టన్, అందులో మూడోవంతు బలగంతో, స్లోకమ్ నడిపిస్తున్న ఎడమ విభాగం ఒంటరిగా దొరికినప్పుడు దెబ్బ తీయాలని మార్చి 19న బెంటన్‌విల్ దగ్గర కాచుకున్నాడు. తొలిదెబ్బ బలంగానే తగిలింది. ఒక యూనియన్ డివిజన్ చెల్లాచెదురైంది. అయితే మిగిలినవారు నిలదొక్కుకోవడం, మరునాడు హోవర్డ్ నడిపే రెండో విభాగం వచ్చి చేరడంతో ఆశ అడుగంటింది. 21వ తేదీ రాత్రి జాన్‌స్టన్ మిల్ క్రీక్ అనే వాగు దాటి వెనుదిరిగాడు. మూడు రోజుల్లో యూనియన్ పక్షాన 1,527 మంది, కాన్ఫెడరేట్ పక్షాన 2,606 మంది చనిపోవడమో గాయపడడమో గల్లంతవడమో జరిగింది. ఈ ప్రాంతాన్ని జాన్‌స్టన్ కౌంటీ అంటారు గాని ఆ పేరు ఈ సేనానిని బట్టి వచ్చింది కాదు. వలస పాలన కాలపు గవర్నరు గేబ్రియల్ జాన్‌స్టన్‌ది.

కేంద్రంలోని ప్రదర్శన చిన్నది; అరగంటలో ముగుస్తుంది. అసలు చూడవలసింది హార్పర్ హౌస్. జాన్, ఏమీ హార్పర్ దంపతుల ఈ రెండంతస్తుల చెక్క ఇంటిని యూనియన్ సైన్యం ఆసుపత్రిగా మార్చుకుంది. పై అంతస్తులో కుటుంబం, కింది గదుల్లో కాళ్ళూ చేతులూ కోసే వైద్యులు. 500 మందికి పైగా క్షతగాత్రులకు ఇక్కడ చికిత్స జరిగింది. సైన్యం కదిలిపోయాక మిగిలిన కాన్ఫెడరేట్ క్షతగాత్రులను హార్పర్లే చూసుకున్నారు. మాకు ఇల్లు చూపించిన ఉద్యోగి ఓపికగా, అతిశయోక్తి లేకుండా చెప్పారు. ఇంటి పెరట్లో వంటసాల, బానిసల నివాసం ఎలా ఉండేవో చూపే కట్టడాలు ఉన్నాయి; వాటి దగ్గర చెప్పిన మాటలు మాత్రం, శస్త్రచికిత్స గదుల గురించి చెప్పిన దానితో పోలిస్తే, నాకు చాలలేదనిపించింది. ఆ యుద్ధానికి మూలమైన బానిసత్వం పెరట్లో ఉంటే మనం ఎక్కువసేపు ముందు గదుల్లోనే నిలబడ్డాము.

కేంద్రం దగ్గర నుంచి ఒక చిన్న కాలిబాట మిషిగన్ ఇంజనీర్ల దళం తవ్విన రక్షణ కట్టల వరకు వెళుతుంది. పైన్ చెట్ల మధ్య ఆకులు కప్పిన ఒక మిట్ట, దాని వెంట ఒక పల్లం. పలక లేకపోతే నేను దాటిపోయేవాడిని. మామగారు ఆగి, చెప్పు అంచుతో మట్టి గీరి, ‘‘ఇది పుట్టు మిట్ట కాదు బాబూ, చేత్తో వేసిన కట్ట. ఈ ఇసుక నేలలో ఇన్నేళ్ళు నిలిచిందంటే దీన్ని ఎవరూ దున్నలేదన్నమాట’’ అన్నారు. చలికాలం చివర, ఆకులు రాలి ఉన్నప్పుడు వెళితేనే ఈ కట్టలు బాగా కనబడతాయి. ఎండాకాలంలో గడ్డిలో పిడుదులు ఎక్కువ. మేజోళ్ళలోకి ప్యాంటు దోపుకుని నడవడం మేలు.

మిగిలిన యుద్ధభూమిని కారులోనే చూడాలి. దాదాపు 6,000 ఎకరాల్లో పరుచుకున్న ఈ స్థలంలో మలుపు మలుపుకీ పలకలున్నాయి. అయితే రోడ్లు ఇరుకు, కారు ఆపుకునే చోటు కొన్నింటి దగ్గరే ఉంటుంది, మరుగుదొడ్లు కేంద్రంలో తప్ప కనబడలేదు. పదిహేడేళ్ళ కుర్రాళ్ళతో కూర్చిన నార్త్ కెరొలైనా జూనియర్ రిజర్వుల దళం నిలబడిన చోటి కథ విని, విత్తనాలకు దాచిన గింజలు కూడా దంచుకున్నారన్నమాట అని మామగారు నొచ్చుకున్నారు. చివరి రోజున యూనియన్ సేనాని మౌవర్ మిల్ క్రీక్ వంతెన సమీపం దాకా చొచ్చుకురాగా, అతణ్ణి నెట్టడానికి కాన్ఫెడరేట్ జనరల్ హార్డీ జరిపిన ఎదురుదాడిలో హార్డీ కొడుకు విల్లీ, పదహారేళ్ళవాడు, ఘోరంగా గాయపడి కొద్ది రోజులకే హిల్స్‌బరోలో కన్నుమూశాడు. ‘‘మన బాలచంద్రుడే కదా’’ అన్నారాయన. ఇక ఆ పూటంతా కారెంపూడి తిరునాళ్ళ ముచ్చట్లే: కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు సాగే ఉత్సవం, వీరుల ఆయుధాలైన కొణతాలకు పూజ, అన్ని కులాలవారూ కలిసి తినే చాపకూడు. అక్కడ జ్ఞాపకం ఆయుధాల్లోనూ పాటలోనూ నిలిచింది. ఇక్కడ దాన్ని నేలలో నిలపాలని చూస్తున్నారు.

ఆ ప్రయత్నమే నాకు ఈ యాత్రలో ఎక్కువగా పట్టిన విషయం. బెంటన్‌విల్ 1996లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందినా, ఆ గుర్తింపు ఒక్కటే ప్రైవేటు పొలంలో ఇళ్ళు లేవకుండా ఆపలేదు. అందుకే అమెరికన్ బ్యాటిల్‌ఫీల్డ్ ట్రస్ట్ వంటి సంస్థ విరాళాలకు ప్రభుత్వ నిధులు జతచేసి ఇక్కడ ముక్కలు ముక్కలుగా 1,800 ఎకరాలకు పైగా భూమిని కాపాడింది. కొన్ని చోట్ల భూమినే కొంటారు. కొన్ని చోట్ల రైతు భూమిని తన దగ్గరే ఉంచుకుని, దానిపై ఇళ్ళు కట్టే హక్కును మాత్రం డబ్బు తీసుకునో దానంగానో వదులుకుంటాడు. ఆ ఒప్పందం రిజిస్టరై, తరువాత ఆ భూమి ఎవరి చేతికి వెళ్ళినా వర్తిస్తుంది. ఇది వివరించబోతే మామగారు మధ్యలోనే అందుకుని, ‘‘పట్టా రైతుదే, ప్లాట్లు వేయడానికి మాత్రం వీలులేదు, అంతేనా? మంచి బేరమే, రేటు సరిగ్గా కడితే’’ అన్నారు. రాలీ నగరం పెరుగుతూ ఈ కౌంటీ వైపే పాకుతోంది. రెండేళ్ళ క్రితం ఇదే కౌంటీలోని క్లేటన్‌లో, నిన్నటిదాకా పొగాకు పండిన చేలో వేసిన వెంచరులో, నేనూ ఇల్లు బేరమాడి వచ్చినవాడినే. చుట్టూ చిలగడదుంప, సోయా, పత్తి చేలు అలాగే ఉండబట్టే ఇక్కడ నిలబడి సైన్యాలు ఎటు నుంచి ఎటు నడిచాయో ఊహించగలుగుతున్నాము.

బస విషయానికి వస్తే, ఐ-95 వెంట స్మిత్‌ఫీల్డ్‌లో నూరు డాలర్ల లోపు మోటళ్ళు చాలా ఉన్నాయి. మేము దిగిన దానిలో పక్క శుభ్రంగానే ఉంది గాని, హైవే మోత రాత్రంతా తగ్గలేదు. తొమ్మిదిన్నర వరకు అంటూ రాసిపెట్టిన ఫలహారాన్ని తొమ్మిదికే ఎత్తేశారు. గది అడిగేటప్పుడు రోడ్డుకు అవతలి వైపు ఇమ్మనండి. ఈ ప్రాంతం వెనిగర్ పులుపుతో చేసే పంది బార్బెక్యూకు ప్రసిద్ధి. శాకాహారులకు దొరికేది మాత్రం తక్కువ. యుద్ధభూమి చుట్టుపక్కల హోటళ్ళ మీద ఆశపెట్టుకోకుండా పులిహోర కట్టుకెళ్ళడం మా ఆవిడ చేసిన తెలివైన పని. పెద్దవాళ్ళు నడవలేకపోతే బసే అవసరం లేదు. పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

వీలుంటే డర్‌హమ్‌లోని బెన్నెట్ ప్లేస్‌ను దీనికి జతచేయండి. ఏప్రిల్ 26న జాన్‌స్టన్ షెర్మన్‌కు లొంగిపోయింది అక్కడి రైతు ఇంట్లోనే; ఆ ఒప్పందం కిందికి వచ్చినవారు 89,270 మంది, ఆ యుద్ధంలో అదే అతి పెద్ద లొంగుబాటు. అసలు ఇల్లు 1921లో కాలిపోగా ఇప్పుడున్నది తిరిగి కట్టినది. నాకు అది హార్పర్ హౌస్ అంత పట్టలేదు.

బెంటన్‌విల్‌లో ఒక లోటు మామగారి కంటికే ముందు ఆనింది. హార్పర్ హౌస్ దగ్గర కాన్ఫెడరేట్ల సమాధి స్థలం, దానిపై 1895లో నిలిపిన స్తంభం ఉన్నాయి. మరి రెండో పక్షంవాళ్ళు ఏరీ? యూనియన్ సైనికుల అవశేషాలను యుద్ధం తరువాత రాలీ జాతీయ శ్మశానానికి తరలించారు. తిరుగు దారిలో అక్కడ ఆగాము. పేరు తెలిసినవారికి నిలువెత్తు కాకపోయినా చెక్కిన రాయి ఉంది. పేరు తెలియనివారికి నేలకు జానెడు ఎత్తులో చతురస్రపు రాళ్ళు, వాటి మీద అంకెలు మాత్రమే. మామగారు వంగి వాటిని ఒక్కొక్కటే తెలుగులో పైకి చదువుకుంటూ వరుస చివరి దాకా నడిచారు.